ప్రతి దేశానికీ ఒక బస్సు

కోవిల్‌పట్టి,
జూలై 6.

రుక్కుకు,

ప్రతి శనివారం నేనూ ఆర్తీ బస్టాండుకు వెళ్ళి కండక్టర్ పొన్నయ్య చేతికి నీ పొడుల సంచి ఇస్తున్నాం కదా, ఇకనుంచి అందులో ఉత్తరం కూడా ఉంటుంది. ఫోన్ ఉండగా ఇదేమిటని నవ్వకు. నువ్వు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటావు. ఎప్పుడైనా దొరికితే మనిద్దరం రెండో మాటకే తమిళంలోకి వెళ్ళిపోతాం, తమిళంలో నువ్వు నా మీద గెలుస్తావు. అమ్మ మనకు నేర్పిన తెలుగు అక్షరాలు ఈ రెండిళ్ళలో ఇంకెవరికీ రావు కాబట్టి ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి వదిలేసినా భయం లేదు.

నీ కూతురు బాగుంది. నీకు పగటి డ్యూటీ వచ్చేదాకా నా దగ్గర ఉంచుకోమన్నావు. ఉంచుకుంటాను. మీ ఆయన కుమారవేల్ లారీ ఎక్కితే నెలకోసారి ఇంటికొస్తాడు, ఎనిమిదేళ్ళ పిల్లను రాత్రిళ్ళు ఒంటరిగా ఎలా వదులుతావు. నువ్వు చేసింది సరైన పనే.

బడిలో కొత్త పద్ధతి పెట్టారు. మూడో తరగతి సెల్వరాణి టీచర్ నెలకొక దేశం చెబుతుంది. పిల్లలు ఆ దేశపు కళలో ఒక వస్తువు చేయాలి, అందులో తమకిష్టమైనది ఒకటి కలపాలి. ఈ నెల జపాన్. అక్కడ పిల్లల పండుగకు గుడ్డ చేపలు చేసి వెదురు కర్రకు ఎగరేస్తారట. నా పాత లంగా ఒకటి చేపకు పోయింది. నా లెక్కల పుస్తకంలో పాలు, గ్యాసు తర్వాత జపాన్ అని ఒక పద్దు తెరిచాను.

ఒక పిల్లవాడి చేప క్రికెట్ బ్యాటు మింగింది. ఇంకో పిల్ల చేప మీద కుక్కపిల్ల ఉంది. మన ఆర్తి చేపకు పక్కన వరసగా కిటికీలు, కిటికీల్లో మనుషులు, నోటి పైన బోర్డు. టీచర్ ఇది చేపా బస్సా అని అడిగిందట. చేప బస్సు అని చెప్పింది. మంచి మార్కు వచ్చింది.

నీ అక్క,
సుధాలక్ష్మి


విరుదునగర్,
జూలై 20.

అక్కా,

ఉత్తరమూ కరివేపాకు పొడీ అందాయి. డబ్బా మూత వదులై, నీ ఉత్తరం మొత్తం పొడి వాసనతో చదివాను. మూత నువ్వు వదులుగా పెట్టావంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. పొన్నయ్య రుచి చూసి ఉంటాడు.

ఆర్తి బొమ్మలు చేస్తుందని నాకు తెలియదు. ఇక్కడ గోడ మీద గీస్తే ఇంటివాళ్ళు ఏమంటారోనని నేనే పెన్సిళ్ళు దాచేదాన్ని. దాచిన చోటు ఇప్పుడు నాకే గుర్తులేదు.

చేప నోటి పైన బోర్డు ఉందన్నావు. దాని మీద ఏమి రాసింది?

రుక్మణి


కోవిల్‌పట్టి,
సెప్టెంబర్ 7.

రుక్కుకు,

జపాన్ అయిపోయింది. ఆగస్టులో ఈజిప్టు. ఈజిప్టువాళ్ళు మనుషులను ఎప్పుడూ పక్కనుంచే గీసేవారట, ముఖం ఒక వైపుకు, కన్ను మాత్రం మన వైపుకు. ఆర్తికి ఇది బాగా కుదిరింది, ఎందుకంటే బస్సును ఎవరైనా పక్కనుంచే గీస్తారు. రాజు, రాణి, పిల్లి తల దేవత ముగ్గురూ కిటికీల దగ్గర కూర్చున్నారు. దేవతకు ఆడవాళ్ళ సీటు ఇచ్చింది.

ఆ కాలంలో ఈజిప్టులో బస్సులు లేవని సెల్వరాణి టీచర్ మెల్లగా చెప్పింది. దానికి ఇది, "వాళ్ళకు ఎవరి ఊరికీ పోవల్సిన పని లేదా మిస్?" అని అడిగింది. టీచర్ నాకు చెప్పి నవ్వింది. నేను కూడా నవ్వాను.

బస్సుల పిచ్చి పొన్నయ్య వల్ల వచ్చింది. కొత్త బండ్లన్నిటికీ వెలిగే అక్షరాలు వచ్చినా, అతని బండికి ఇంకా రేకు బోర్డే. ఒక వైపు విరుదునగర్, రెండో వైపు కోవిల్‌పట్టి. బండి ఊరు చేరాక కండక్టర్ దిగి తిప్పాలి. శనివారాలు ఆ పని ఆర్తికి అప్పగించాడు. అది తిప్పి, దులిపి, రెండడుగులు వెనక్కి వెళ్ళి సరిగ్గా ఉందో లేదో చూస్తుంది. అంత శ్రద్ధగా పక్క బట్టలు మడవమంటే మడవదు.

చేప మీది బోర్డు గురించి అడిగావు. బంక కారి అక్షరాలు సరిగా కనపడలేదు.

ఇంకో మాట. వచ్చే ఏడాది నాలుగో తరగతికి ఇప్పుడే పేర్లు రాసుకుంటున్నారు. ఆర్తి పేరు కూడా రాయించమంటావా? ఇక్కడ తనకు గది ఉంది, పై ఊరికి వెళ్ళిపోయిన మా అబ్బాయి చదువు బల్ల ఖాళీగా ఉంది. మీ బావ ఇప్పుడు అన్నం తినేటప్పుడు టీవీ పెట్టడం లేదు, బడి కబుర్లు వింటున్నాడు. నీ ఇష్టం.

సుధాలక్ష్మి


విరుదునగర్,
సెప్టెంబర్ 28.

అక్కా,

నాలుగో తరగతికి తొందరేముంది. మూడు ఇంకా సగం కూడా కాలేదు. పగటి డ్యూటీకి రాసిచ్చాను, చూద్దాం అంటున్నారు. పేరు ఇప్పుడే రాయించకు.

దీపావళికి వస్తాను. ఒక్క రోజే సెలవు.

ఈజిప్టులో బంక కారలేదు కదా. ఆ బోర్డు మీద ఏముంది?

రుక్మణి


కోవిల్‌పట్టి,
డిసెంబర్ 14.

రుక్కుకు,

దీపావళికి నువ్వు వచ్చి వెళ్ళాక రాయడం ఆలస్యమైంది. మెక్సికో వచ్చి పడింది. అక్కడ రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, తోరణాలు కడతారు. ఇల్లంతా కాగితం ముక్కలు. మా పనిమనిషి అళగమ్మాళ్ మెక్సికో ఇంకా ఎన్నాళ్ళుంటుందని అడిగింది. ఆ తర్వాత ఆఫ్రికా. అన్ని దేశాలనూ కలిపి ఒకే వారంలో ముగించేశారు. ఆర్తి చేసిన చెక్క ముసుగుకు కళ్ళ స్థానంలో హెడ్‌లైట్లు ఉన్నాయి.

ఈజిప్టు బోర్డు చిన్నది. నేను కళ్ళద్దాలు పెట్టుకోలేదు.

ఇప్పుడు చివరి పాఠం. ఏ దేశమూ కాదు, ఎవరి ఇంటి కళ వాళ్ళు చేసి తేవాలి. ఫిబ్రవరిలో ప్రదర్శన. టపాసులు చేసే ఏళాయిరంపన్నైనుంచి వచ్చే పిల్ల వాళ్ళ నాన్నను అడిగి టపాసు పెట్టెల మీది బొమ్మలు గీస్తోందట. మన ఇంటి కళ ఏమిటని ఆర్తి అడిగితే, అరుప్పుక్కోట్టైలో మన నాయన మగ్గం నేసేవాడని చెప్పాను. నేస్తానని పట్టుబట్టింది. అట్ట ముక్కకు రెండు చివర్లా గాట్లు పెట్టి, చుట్టూ నూలు చుట్టి పడుగు వేసిచ్చాను. పేక తనే అల్లుతోంది. బస్సు మొత్తం నేయడం కష్టం, బోర్డు ఒక్కటి నేస్తానంది. పసుపు నేల, పైన సూదితో నల్ల అక్షరాలు.

నాయన పద్ధతి కూడా చెప్పాను. నేసినవాళ్ళ ఎదుట గుడ్డను తిరగేసి చూడకూడదు. అలా చూసేది తప్పు వెతికి ధర తగ్గించే దళారులే. అలాంటివాళ్ళు వస్తే నాయన కాఫీ కూడా ఇప్పించేవాడు కాదు, నీకు గుర్తుండాలి. ఆర్తికి ఇది బాగా నచ్చింది. ఒక వారం నా ఎదుట నేసింది, ఆ తర్వాత నేను గదిలోకి వెళ్తే బోర్డును ఒళ్ళో దాచుకుని "తిరగేసేది లేదు పెద్దమ్మా" అంటోంది. నేను తిరగేయలేదు.

పొన్నయ్య ఒక మాట చెప్పాడు. పొద్దున్న తన బండి ఆస్పత్రి ముందు ఆగినప్పుడు, నువ్వు టిఫిన్ క్యారియర్‌తో లోపలికి వెళ్తూ కనిపిస్తున్నావట. ఒకసారి కాదు, రోజూ. అది రాత్రి డ్యూటీ అయి ఉంటుంది.

సుధాలక్ష్మి


విరుదునగర్,
జనవరి 4.

అక్కా,

పగటి డ్యూటీయే. దీపావళి అయిన వారం వచ్చింది. నీకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. దీపావళి రోజు మీ ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆర్తి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు చేత్తో ఇవ్వలేదు. పళ్ళెంలో పెట్టి తెచ్చింది, చుట్టాలకు తెచ్చినట్టు. తర్వాత, "ఎన్ని దినాలుంటావుమా?" అని అడిగింది. నువ్వు వంటింట్లో మురుకులు వేయిస్తున్నావు, నీకు వినపడలేదు. నువ్వు నేర్పిన మర్యాదే అది, తప్పనడం లేదు. ఆ నీళ్ళు తాగి, ఇంక దాన్ని ఇంటికి రమ్మని ఎలా పిలవాలో తెలియక సాయంత్రం బండికే వచ్చేశాను.

నాకు బలవంతంగా లాక్కెళ్ళడం ఇష్టం లేదు. నీ దగ్గరే ఉండాలనుకుంటే నాలుగో తరగతికి అక్కడే పేరు రాయించు. నోటితో అడిగితే మనిద్దరిలో ఎవరికి బాధ కలుగుతుందో చూసుకుని చెబుతుంది, అంత తెలివి ఉంది దానికి. చేతితో చేసినదాంట్లో అలా చూసుకోదు. అందుకే ఇన్నిసార్లు అడిగాను.

మెక్సికోలోనూ బోర్డు ఉండే ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని చెప్పు.

రుక్మణి


కోవిల్‌పట్టి,
ఫిబ్రవరి 8.

రుక్కుకు,

విరుదునగర్.

జపాన్‌లోనూ ఈజిప్టులోనూ మెక్సికోలోనూ అదే. ముసుగు నుదుటి మీద కూడా అదే. బంక కారలేదు. అక్షరాలు పెద్దవి, కళ్ళద్దాలు అక్కరలేదు. ఇప్పుడు నేస్తున్నదాని మీద కూడా మొదటి వారంలోనే ఆ పేరు కుట్టింది, నా ఎదుటే.

ప్రదర్శన ఇరవై రెండో తేదీ, శనివారం. వచ్చి నీ కళ్ళతో చూసుకో. టి.సి. గురించి ఆఫీసులో అడిగాను. సంవత్సరాంతపు పరీక్షలయ్యాక ఇస్తారట, నువ్వు వచ్చిన రోజే సంతకం పెట్టవచ్చు.

పొడి అయిపోయి ఉంటుంది. పంపుతున్నాను.

సుధాలక్ష్మి


విరుదునగర్,
ఫిబ్రవరి 25.

అక్కా,

బడిలో అందరి ముందూ మాట్లాడలేకపోయాను. ఆఫీసులో నేను సంతకం పెడుతుంటే నువ్వు పెన్ను మూత పట్టుకుని నిలబడ్డావు. ఆ మూత ఇంకా నీ దగ్గరే ఉంది, టీచర్‌కు ఇచ్చేయి.

వచ్చిన తల్లులందరూ గోడ మీది మిగతా వస్తువులన్నిటినీ తిరగేసి చూశారు, చేసింది పిల్లా తల్లా అని. నేత దగ్గర మనిద్దరం మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం. టపాసు పెట్టెల పిల్ల తల్లి ఆర్తి బోర్డు మీద చెయ్యి వేయబోతే నువ్వు ఆవిడ మణికట్టు పట్టుకున్నావు. ఆవిడకు మన పద్ధతి తెలియదు కదా. క్షమాపణ కూడా నువ్వే చెప్పావు, కానీ చెయ్యి వదలకుండా చెప్పావు.

నేత బాగుంది. అంచులు తిన్నగా వచ్చాయి, నాయన చూస్తే మెచ్చుకునేవాడు. విరుదునగర్ అని చదివాక నాకు ఇంకేమీ కనపడలేదు. పిల్లను నేనే అడిగాను, ఇది మన ఊరికి వచ్చే బండా అని. "అవునుమా, ఇప్పుడు విరుదునగర్ పోయేదే" అంది.

నువ్వు ఆ మాట విన్నావు. నీ ముఖంలో ఏమీ కనపడలేదు. నీ ముఖంలో ఎప్పుడూ ఏమీ కనపడదు కాబట్టి నేనేమీ అనుకోకూడదు. అనుకున్నాను.

రుక్మణి


కోవిల్‌పట్టి,
ఏప్రిల్ 27.

రుక్కుకు,

నిన్న ఆర్తిని ఎక్కించాం, చేరే ఉంటుంది. నీలం సంచిలో బట్టలు, పచ్చ సంచిలో దేశాలు. చేప నలిగితే తడి గుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యి. నేసిన బోర్డును మాత్రం పెట్టనివ్వలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఏడవలేదు. పొన్నయ్య బండి బోర్డు తిప్పి, ఎక్కి, కిటికీ దగ్గర చోటు చూసుకుని, వెళ్ళొస్తానని చెప్పింది. మంచిదే. ఏడిస్తే దారిలో వాంతులవుతాయి.

మీ బావ ఇంటికి వచ్చి బీరువా తాళాలు వెతకడం మొదలుపెట్టాడు. తాళాలు పోలేదు. అన్నం తినేటప్పుడు టీవీ పెట్టుకున్నాడు, నేను వద్దనలేదు.

బడి సంవత్సరం అయిపోయింది కాబట్టి లెక్కలు ముగించాను. జపాన్, ఈజిప్టు, మెక్సికో, ఆఫ్రికా అన్నీ సరిపోయాయి. నూలు ఒక్కటి కలవలేదు. ఆ కాస్త అట్టకు నేనిచ్చిన నూలులో సగం మిగిలి ఉండాలి. గది అంతా వెతికాను, ఒక పోగు కూడా దొరకలేదు. చిన్నపిల్ల, చిక్కులు పడ్డది పారేసి ఉంటుంది. "వృథా" అని రాసి పద్దు మూసేశాను.

శనివారాలు పొన్నయ్యకు సంచి మీ బావ ఇచ్చి వస్తాడు. నాకు మోకాలు నొప్పి.

సుధాలక్ష్మి


విరుదునగర్,
జూన్ 14.

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, పొన్నయ్య బండికి అందాలి.

ఆర్తి వచ్చినప్పటినుంచి బోర్డును తలుపు పక్క మేకుకు తగిలించింది. సెలవులంతా అది అక్కడే ఉంది. నేను తాకలేదు. మన పద్ధతి ప్రకారం తాకకూడదు కదా. సోమవారం బడి తెరిచారు. నిన్న శుక్రవారం సాయంత్రం బడినుంచి వచ్చి, సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని ఎక్కింది. బోర్డు తీసి, తిప్పి, దులిపి, మళ్ళీ తగిలించి, రెండడుగులు వెనక్కి వచ్చి చూసింది.

అక్కా, అటువైపు కోవిల్‌పట్టి అని ఉంది. అదే పసుపు నేల, అవే నల్ల అక్షరాలు. అట్ట చుట్టూ నువ్వు వేసిన పడుగుకు రెండు వైపులా నేసింది. వెనక వైపు అనేదే లేదు దానికి.

ఏమిటికి తిప్పినావమ్మా అని అడిగాను.

"వారం అయిపోయింది కదామా. ఇప్పుడు కోవిల్‌పట్టి పోవల్ల."

"బడి ప్రదర్శనలో ఈ వైపు చూపించి ఉండొచ్చు కదా?"

"అప్పుడు బండి విరుదునగర్ పోయేది. ఊరు చేరినాక కదా తిప్పేది? ముందే తిప్పితే జనం తప్పు బండి ఎక్కుతారు."

దీపావళికి నీళ్ళు పళ్ళెంలో ఎందుకు తెచ్చావని కూడా అడిగేశాను. బస్సులో వచ్చినవాళ్ళకు అట్లే ఇవ్వల్లని పెద్దమ్మ చెప్పింది అంది. ఎన్ని దినాలుంటావని అడిగింది తిరుగు బండి ఎప్పుడో తెలుసుకోవడానికట. ఇన్ని నెలలు నేను ఆ పళ్ళెం మోసుకుని తిరిగాను.

టపాసు పెట్టెల పిల్ల తల్లి చెయ్యి నువ్వు పట్టుకోకపోతే మనకు ఫిబ్రవరిలోనే తెలిసి ఉండేది. నేను కూడా చేతులు కట్టుకునే నిలబడ్డాను, నిన్ను ఒక్కదాన్నే అనడం లేదు.

వచ్చే శుక్రవారంనుంచి సాయంత్రం బండికి పంపుతాను. పొన్నయ్య చూసుకుంటానన్నాడు. ఆదివారం సాయంత్రం తిరిగి ఎక్కించు. బస్టాండుకు బావను పంపకు, నువ్వే రా. నీ మోకాలికి ఏమీ లేదని నాకు తెలుసు. నేను నర్సును.

రుక్కు


కోవిల్‌పట్టి,
జూన్ 22.

రుక్కుకు,

ఆర్తి దిగింది. బోర్డు సంచిలో తెచ్చింది. మీ బావ హాల్లో ఒక మేకు కొట్టాడు. కొట్టేటప్పుడు గోడ పెచ్చు ఊడింది, నేనేమీ అనలేదు. ఆ మేకుకు విరుదునగర్ వైపు లోపలికీ కోవిల్‌పట్టి వైపు బయటికీ ఉండేలా తగిలించింది. వంటింట్లోనుంచి మంచినీళ్ళు నేను తెచ్చాను. పళ్ళెంలో పెట్టలేదు.

శనివారం ఆర్తిని అడిగి, ఆర్తి ఎదుటే, బోర్డును తిరగేసి చూశాను. రెండు వైపులా కుట్టు ఒకేలా ఉంది. కోవిల్‌పట్టిలో ఒక అక్షరం కొంచెం వంకరగా ఉంది. చెప్పలేదు.

మీ బడిలో నాలుగో తరగతికి దేశాలు లేవట, పండ్లూ కూరగాయలేనట. వంకాయ గీసుకుని రమ్మన్నారని ఇక్కడ కూర్చుని గీసింది. వంకాయకు కిటికీలు ఉన్నాయి. మీ టీచర్‌కు నువ్వే సర్దిచెప్పుకో.

ఈ ఉత్తరం ఆర్తి చేతికే ఇచ్చి పంపుతున్నాను, పొన్నయ్యకు ఆ బాధ్యత తప్పింది. పొడి డబ్బా మూత నేనే బిగించాను. వదులై వస్తే ఎవరి పనో మనకు తెలుస్తుంది. పెన్ను మూత సెల్వరాణి టీచర్‌కు ఇచ్చేశాను.

పోయిన సంవత్సరం లెక్కల పుస్తకం తీసి నూలు పద్దు దగ్గర "వృథా" అన్నది కొట్టేశాను. "రెండు వైపులు" అని రాశాను. లెక్క కలిసింది.

నీ అక్క,
సుధ